దిగుబడి దగ్గరే ఆగిపోకు

అమ్మలూ,

నీ పరిశోధన ప్రతిపాదన రాత్రి చదివాను, పొద్దున్నే లేచి ఇంకోసారి చదివాను. ఎరువుల సబ్సిడీ వల్ల చిన్న రైతు కుటుంబాల పేదరికం తగ్గిందా లేదా అన్నది నువ్వు తీసుకున్న ప్రశ్న. చాలా మంచి ప్రశ్న. అయితే జవాబు తేల్చడానికి నువ్వు పెట్టుకున్న కొలత ఒక్కటే, హెక్టారుకు దిగుబడి ఎంత పెరిగిందని. అడిగేది పేదరికం గురించి, కొలిచేది పంట గురించి. పొలంలో గింజ పెరగడానికీ ఇంట్లో ఆకలి తగ్గడానికీ మధ్య చాలా జరుగుతుంది. ఆ మధ్యలో పేద కుటుంబం ఎక్కడ నష్టపోతోందో చెప్పకపోతే, నువ్వెంత నిక్కచ్చిగా లెక్క కట్టినా నిర్ణయాలు తీసుకునేవాళ్లకు దానితో పెద్దగా పని ఉండదు.

ముందు నీ ప్రశ్నావళిలో లేని ఒక ప్రశ్న గురించి చెబుతాను. ఆ కుటుంబం ఏడాదిలో ఎన్ని తిండిగింజలు కొంటుంది? ఎంత అమ్మారని అడిగావు, ఎంత కొన్నారని అడగలేదు. రైతంటే అమ్మేవాడే అన్న ఊహ చదువుకున్నవాళ్లలో బాగా నాటుకుపోయింది. ఆఫ్రికాలో, ఆసియాలో ఇల్లిల్లూ తిరిగి చేసిన సర్వేలు తిరగేసి చూడు. కొద్దిపాటి భూమి ఉన్న కుటుంబాల్లో చాలావరకు ఏడాది మొత్తం మీద అమ్మేదానికంటే కొనేదే ఎక్కువ. కోతలవగానే అప్పు తీర్చడానికి తక్కువ ధరకు అమ్ముకుంటారు, కొన్ని నెలలు పోయాక అవే గింజలు ఎక్కువ పెట్టి కొనుక్కుంటారు. ఇక భూమి లేని కూలీల సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే ధర పెరిగితే రైతుకు మేలు అని ఎవరైనా అన్నప్పుడు, ఏ రైతుకు అని నువ్వు అడగాలి.

2007 చివర్లో మొదలైన ధరల సంక్షోభం నీకు గుర్తుండే వయసు కాదు. అంతర్జాతీయ మార్కెట్లో బియ్యం ధర కొద్ది నెలల్లోనే దాదాపు మూడింతలైంది. పోనీ ప్రపంచంలో వరి పంట పోయిందా అంటే అదీ లేదు. భారత్, వియత్నాం వంటి దేశాలు తమ జనానికి కొరత రాకూడదని ఎగుమతులకు అడ్డుకట్ట వేశాయి. దిగుమతి చేసుకునే దేశాలు భయపడి ఎంత ధరకైనా కొనడానికి ఎగబడ్డాయి. 2008 మేలో జపాన్ తన గోదాముల్లోని బియ్యం బయటికి వదలబోతోందన్న వార్త వచ్చింది. అది రాగానే, గోదాముల నుంచి ఒక్క బస్తా కదలకముందే, ధర దిగడం మొదలైంది. ఒక దేశం తన ప్రజల కోసం తీసుకున్న నిర్ణయం ఇంకో దేశంలో పేదవాళ్ల కంచం మీద ఎలా పడుతుందో దీనికంటే స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు కనబడలేదు.

ఆ ధరల వల్ల పది కోట్ల మంది కొత్తగా పేదరికంలో పడతారని అప్పట్లో లెక్క వేశారు. కొన్నేళ్లు పోయాక వచ్చిన అధ్యయనాలు ఇంకో మాట చెప్పాయి. ధరలు పెరిగి నిలబడిన చోట పల్లెల్లో కూలి రేట్లు కూడా మెల్లగా పెరిగాయని, దీర్ఘకాలంలో పేదరికం తగ్గిందని. నా ఉద్దేశంలో రెండూ నిజమే, కాలం వేరు అంతే. కానీ కూలి పెరిగేలోపు గడవాల్సిన నెలలున్నాయి చూడు, ఆ నెలల్లో ఒక పసిబిడ్డ ఎదుగుదల ఆగిపోతే తర్వాత పెరిగిన కూలి దాన్ని వెనక్కి తేలేదు. కాబట్టి కోతల తర్వాత ఒక్కసారి సర్వే చేసి ఊరుకోకు. ఇంట్లో గింజలు నిండుకుని, బయట పనులు దొరకని నెలల్లో ఇంకోసారి వెళ్లు. ఖర్చు రెట్టింపవుతుందని నాకు తెలుసు. కావాలంటే శాంపిల్ తగ్గించుకో, రెండో విడత మాత్రం వదలకు.

ఆఫ్రికా దేశం మలావీ సంగతి నీ ప్రతిపాదనలో రెండు వాక్యాల్లో తేల్చేశావు. దాని దగ్గర ఇంకొంచెంసేపు ఆగు. 2005లో పంట దారుణంగా దెబ్బతిన్నాక అక్కడి ప్రభుత్వం చిన్న రైతులకు కూపన్ల మీద ఎరువులు, విత్తనాలు ఇవ్వడం మొదలుపెట్టింది. సబ్సిడీలు వద్దన్న దాతల మాట పక్కనపెట్టి మరీ చేసింది. తర్వాతి రెండేళ్లు వానలు కలిసొచ్చాయి, మొక్కజొన్న దిగుబడి బాగా పెరిగింది, పొరుగు దేశాలకు ఎగుమతి కూడా చేశారు. ప్రపంచమంతా మెచ్చుకుంది. మరి అధికారిక లెక్కల్లో పంట పుష్కలంగా ఉన్నప్పుడు 2008లో ఆ దేశపు మార్కెట్లలోనే మొక్కజొన్న ధర ఎందుకు అంత పెరిగింది? ఉత్పత్తి అంచనాలు ఉన్నదానికంటే ఎక్కువ వేశారేమోనని పరిశోధకులు అడిగారు. కూపన్లు నిరుపేదల కంటే కాస్త ఉన్నవాళ్లకే ఎక్కువ చేరాయని, అంతకుముందు సొంత డబ్బుతో ఎరువు కొనుక్కునేవాళ్లు కొందరు ఆ కొనుగోలు తగ్గించుకున్నారని తర్వాతి అధ్యయనాల్లో తేలింది. అంటే పంచిన ప్రతి బస్తా పొలంలో అదనంగా పడ్డ బస్తా కాదు. ఇవన్నీ చూసి పథకం దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆకలి కాలంలో అది చాలామందిని ఆదుకుంది. కానీ నువ్వు దిగుబడి ఒక్కటే కొలిస్తే ఈ కథలో సగం నీ కంటపడదు.

ఇంకో విషయం. సబ్సిడీని దేనితో పోల్చి చూస్తున్నావో నువ్వు రాయలేదు. ఏమీ చెయ్యకపోవడంతో పోలిస్తే ఏ పథకమైనా బాగానే కనిపిస్తుంది. అదే డబ్బు వేరే పనికి పెడితే ఏమయ్యేది అన్నదే విధానం రాసేవాళ్ల ముందుండే అసలు చిక్కు. భారత్‌లో 1970 నుంచి 1993 వరకు రాష్ట్రాలవారీ ఖర్చుల లెక్కలు తీసి చూసిన అధ్యయనం ఒకటుంది, తప్పకుండా చదువు. పల్లె రోడ్ల మీద, వ్యవసాయ పరిశోధన మీద పెట్టిన రూపాయి పేదరికాన్ని అన్నిటికంటే ఎక్కువగా తగ్గించిందని అందులో తేలింది. రోడ్డు పడితే ఎరువు చౌకగా వస్తుంది, పంటకు మంచి ధర పలుకుతుంది, పొలం పని లేని రోజుల్లో బయటికెళ్లి సంపాదించుకునే వీలుంటుంది. అయినా ప్రభుత్వాలు సబ్సిడీ వైపే ఎందుకు మొగ్గుతాయో నువ్వు ఊహించగలవు. బస్తా అందుకున్న రైతుకు ఇచ్చిందెవరో గుర్తుంటుంది. పదేళ్ల కింద ఒక శాస్త్రవేత్త మొదలుపెట్టిన పనివల్ల వచ్చిన వంగడం ఎవరి ఖాతాలోనూ పడదు.

ఆహారం ఉండటానికీ అందటానికీ ఉన్న తేడా నీకు నేను చెప్పాల్సిన పని లేదు. 1943 బెంగాల్ కరువు మీద ఆర్థికవేత్త అమర్త్యసేన్ 1981లో వేసిన లెక్కలు నువ్వు చదివినవే. కరువు లేని 1941 కంటే ఆ ఏడాది తిండిగింజల లభ్యత తక్కువేమీ కాదని, కూలి డబ్బులతో కొనగలిగే బియ్యం తగ్గిపోవడంతో కూలీలు, జాలర్లు, చేతిపనివాళ్లు ముందుగా చనిపోయారని ఆయన చూపించాడు. ఆ లెక్కల మీద వాదోపవాదాలు ఇంకా ఉన్నాయి. కానీ తిండి ఉందా అన్న ప్రశ్న, అది ఎవరికి అందుతోంది అన్న ప్రశ్నగా మారిపోయింది, మళ్లీ వెనక్కి వెళ్లలేదు. 2024లో దాదాపు 67 కోట్ల 30 లక్షల మంది ఆకలితో ఉన్నారని, 260 కోట్ల మందికి పోషకాహారం కొనుక్కునే స్తోమత లేదని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. ఈ రెండు అంకెల మధ్య ఎంత దూరముందో చూడు. కడుపు నిండినవాళ్లలో కూడా కోట్లమందికి సరైన తిండి లేదు. దిగుబడి పట్టికలో అది ఎక్కడా కనబడదు.

ఇంటి లోపలికి కూడా వెళ్లాలి నువ్వు. బంగ్లాదేశ్‌లో 2012 నుంచి 2014 దాకా ఒక ప్రయోగం జరిగింది. నిరుపేద కుటుంబాల్లోని తల్లుల్లో కొందరికి నగదు, కొందరికి తిండిగింజలు ఇచ్చారు. మరికొందరికి వాటితోపాటు పిల్లలకు ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది క్రమం తప్పకుండా కూర్చోబెట్టి నేర్పించారు. డబ్బు మాత్రమే అందిన ఇళ్లలో తిండి మెరుగుపడింది కానీ పిల్లల ఎత్తులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. డబ్బుతోపాటు ఆ పాఠాలూ అందిన చోట, వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లల వాటా 7 శాతం పాయింట్లకు పైగా తగ్గింది. రెండేళ్లలో అంత మార్పు చాలా అరుదు. నీ ప్రశ్నావళి మొత్తం ఇంటి పెద్దను అడిగేదే. వండేవాళ్లను వేరుగా కూర్చోబెట్టి మాట్లాడించు. ఎవరు ఏం తిన్నారో, ఎవరు మానుకున్నారో వాళ్లకే తెలుస్తుంది.

"ఇవన్నీ ఎవరు చదువుతారమ్మా" అని చివర్లో రాశావు. చదువుతారు, కాకపోతే ప్రతిసారీ కాదు. బంగ్లాదేశ్‌లో గ్రామీణ రేషన్ పథకం సరుకులో ఎక్కువ భాగం పేదలకు చేరకుండా పక్కదారి పడుతోందని పరిశోధకులు లెక్క తేల్చి చూపిస్తే, 1992లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. మరుసటి ఏడాదే, పిల్లల్ని బడికి పంపే పేద కుటుంబాలకు తిండిగింజలు ఇచ్చే పథకం మొదలైంది. మెక్సికోలో 1997లో పల్లెల్లోని తల్లుల చేతికి నగదు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, 506 పల్లెల్ని తీసుకుని కొన్నిటికి ముందు, మిగతావాటికి తర్వాత అమలు చేసి తేడా కొలిచారు. కొలిచే పని వాషింగ్టన్‌లోని అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థకు అప్పగించారు. 2000లో అధికారం చేతులు మారింది. 71 ఏళ్లు ఏలిన పార్టీ దిగిపోయింది, అయినా కొత్త ప్రభుత్వం ఆ పథకాన్ని ఉంచింది, పట్టణాలకూ తీసుకెళ్లింది. ఫలితాలు కాగితం మీద ఉండబట్టే అది సాధ్యమైందని నేను నమ్ముతాను. 2019లో మరో ప్రభుత్వం వచ్చి దాన్ని తీసేసింది. ఆధారం ఉంటే ఏదైనా శాశ్వతమని నీకు నేను అబద్ధం చెప్పను.

ఇంకొక్కటి, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. ఉత్తర బంగ్లాదేశ్‌లోని రంగ్‌పూర్ ప్రాంతంలో కోతలకు ముందు వచ్చే ఆకలి కాలాన్ని మోంగా అంటారు. 2008లో అక్కడి పేద కుటుంబాలకు ప్రయాణ ఖర్చులిచ్చి, ఆ నెలల్లో పట్నం వెళ్లి పని చూసుకోమన్నారు. వెళ్లినవాళ్ల ఇళ్లలో తిండి గణనీయంగా పెరిగింది. దాన్ని నమ్మి లక్షల మందికి విస్తరించబోయారు. 2017లో పెద్దఎత్తున చేసి చూస్తే వలసా పెరగలేదు, ఆదాయమూ పెరగలేదు. నడిపిన సంస్థ ఆ ఫలితాన్ని దాచలేదు, అందరికీ చెప్పి 2019లో పథకాన్ని మూసేసింది. మొదటి ఫలితం ఎంత విలువైనదో రెండోదీ అంతే విలువైనది. నీ లెక్కల్లో సబ్సిడీ పనిచెయ్యలేదని వచ్చినా, నీ గైడ్ ఆశించింది రాకపోయినా, అలాగే రాయి. దానికోసం ఇప్పుడే ఒక పని చెయ్యి. ఏమేం కొలుస్తావో, ఎలా కొలుస్తావో ముందే రాసి, సర్వే మొదలవ్వకముందే బహిరంగంగా నమోదు చెయ్యి. తర్వాత మార్చమని ఎవరైనా ఒత్తిడి చేస్తే నీకది అండగా ఉంటుంది.

రెండో విడతకి బడ్జెట్ సరిపోకపోతే ఎన్ని ఇళ్లు తగ్గించవచ్చో ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం. కొనుగోళ్ల ప్రశ్నలు, వంట చేసేవాళ్లతో మాట్లాడే భాగం చేర్చి కొత్త ప్రతి ఆదివారంలోపు పంపు. అన్నట్టు, కౌలు రైతుల్ని శాంపిల్‌లోకి ఎలా తీసుకుంటున్నావో నాకు అర్థం కాలేదు. భూమి రికార్డుల నుంచి పేర్లు తీస్తే వాళ్లెవరూ రారు, అది కూడా చూడు.

ప్రేమతో,
అమ్మ