బట్టమేక అంటే మేకా, తాతయ్యా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో జైసల్మేర్ యాత్ర గురించి రాసిన వ్యాసం చదివాను. కోట, ఒంటె సవారీ, సమ్ ఇసుక తిన్నెలు, గుడారాల్లో రాత్రి పాటలు అన్నీ ఉన్నాయి. ఆ పక్కనే ఉన్న డెజర్ట్ నేషనల్ పార్క్ గురించి ఒక్క ముక్క లేదు. జైసల్మేర్, బాడ్మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్లు పరుచుకున్న ఉద్యానం అది. దాటిపోయేంత చిన్నదేమీ కాదు.

మొన్న జనవరిలో అహ్మదాబాద్ నుంచి మా అబ్బాయి కారులో వెళ్లాం. ఎడారి అంటే ఉత్త ఇసుకే అనుకున్నాను. తీరా చూస్తే గడ్డి మైదానం, రాతి నేల, మన ఊళ్లో ఉన్నట్టే జిల్లేడు పొదలు. అక్కడివాళ్లు ఖేజ్రీ అని మొక్కే చెట్టు మన జమ్మి చెట్టే. మనం దసరాకు ఆకు తెంపి పంచుకుంటాం, వాళ్లు కాయలు ఎండబెట్టి కూర వండుతారు. దారిలో ఒక ఢాబాలో తిన్నాం. నాకు నచ్చింది, మా ఆవిడకు నచ్చలేదు.

నేను వెళ్లింది బట్టమేక పక్షి కోసం. ఆ ఉద్యానంలోనే సుదాసరి అనే చోట కంచె వేసిన గడ్డిబీడు ఉంది. పొద్దున్నే వెళ్లి గంటన్నర కూర్చున్నాం. చాలా దూరంలో గడ్డి మీదుగా ముందు తెల్లటి మెడ ఒకటి లేచింది, దాని మీద నల్లటి టోపీ. తర్వాత మిగతా ఒళ్లంతా కనిపించింది. ఎవరి పొలమో చూసిపోవడానికి వచ్చిన పెద్దమనిషిలా నాలుగడుగులు వేసి ఆగింది, మళ్లీ నాలుగడుగులు వేసింది. మూడు నిమిషాల్లో గడ్డిలో కలిసిపోయింది.

నేను కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి తిరుగు దారిలో నా కళ్లు తీగల మీదే ఉన్నాయి. గాలిమరలు, సౌర పలకల నుంచి వచ్చే లైన్లు ఆకాశాన్ని అడ్డంగా గీసేశాయి. కొన్నిచోట్ల పక్షులకు కనబడాలని తీగలకు బిళ్లలు వేలాడదీశారు. మగ బట్టమేక పదిహేను కిలోల దాకా తూగుతుంది. కళ్లు పక్కలకు ఉంటాయి కనుక ఎదురుగా ఉన్న తీగ సరిగా కనిపించదు, కనిపించినా అంత బరువుతో చటుక్కున పక్కకు తిరగలేదు. సుప్రీంకోర్టు 2021లో లైన్లను భూమిలోంచి వేయమంది, 2024లో ఆ ఆదేశాన్ని సడలించింది. భూగర్భ కేబుల్‌లో ఫాల్ట్ వెతకడం ఎంత చాకిరీయో నాకు తెలుసు, అందుకని ఎవరినీ తిట్టను. మా రోజుల్లో గబ్బిలం తగిలి లైన్ ట్రిప్ అయితే విసుక్కుంటూ ఎల్‌సీ, అంటే లైన్లో కరెంటు ఆపించి పనికి ఇచ్చే అనుమతి, తీసుకుని స్తంభం ఎక్కేవాళ్లం. చచ్చిన ప్రాణి ఏదో ఒక్కసారైనా వంగి చూసిన గుర్తు లేదు.

ఈ పక్షిని నేను మొదటిసారి చూసింది రాజస్థాన్‌లో కాదు, మా నందికొట్కూరు వైపు రోళ్లపాడు దగ్గర, నేను కరెంటు స్తంభం మీద ఉండగా. 1980ల్లో. కింద బీడులో రెండు తిరుగుతున్నాయి. 1988లో అక్కడ అభయారణ్యం ప్రకటించారు, సుమారు ఆరు చదరపు కిలోమీటర్లు. చుట్టూ కాలువ నీళ్లు వచ్చాయి, బీళ్లు పొలాలయ్యాయి. నేల మీద సాధారణంగా ఒకే గుడ్డు పెట్టే పక్షి అలాంటి చోట ఎలా నిలుస్తుంది? ఇప్పుడు కృష్ణజింకలు కనిపిస్తాయి. బట్టమేకను చూశానని చెప్పేవాడు మా వైపు నాకు తగిలి చాలా ఏళ్లయింది.

మనవరాలు కారులో అడిగింది, "బట్టమేక అంటే మేకా, తాతయ్యా?" అని. దాని తప్పు లేదు. మీ పత్రికలోనే ఈమధ్య వచ్చిన చిన్న వార్తలో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్ అని మూడుసార్లు ఉంది, బట్టమేక అని ఒక్కసారీ లేదు. ఈసారి రాసినప్పుడు దయచేసి మన పేరు ముందు వేయండి. ఇంగ్లీషు పేరు కావాలంటే తర్వాత వేసుకోండి.

ఇట్లు,
విశ్రాంత లైన్‌మన్, నందికొట్కూరు