అమ్మానాన్నల టికెట్లు కొనేముందు

చిన్నా,

మొన్న ఫోన్లో రెండు సంగతులు అడిగావు. అమ్మానాన్నలు నా దగ్గరికి రావడానికి టికెట్ చూసిన ప్రతిసారీ రేటు పెరుగుతోందేమిటక్కా అని ఒకటి. నువ్వు ఎయిర్‌పోర్టులోనే పనిచేస్తున్నావు కదా, అమ్మానాన్నలను బిజినెస్ క్లాసులో కూర్చోబెట్టలేవా అని ఇంకొకటి. అప్పుడు డ్యూటీకి టైమైపోయి సరిగ్గా చెప్పలేకపోయాను. చెప్పినా ఫోన్లో విన్నది సగం మర్చిపోతావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. టికెట్లు కొనేటప్పుడు ఈ ఉత్తరం పక్కన పెట్టుకో.

ముందు రేటు సంగతి. ఎకానమీలో సీట్లన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ వాటి టికెట్లు ఒకటి కావు. ఆ సీట్లనే ఎయిర్‌లైన్ చాలా రకాల ఫేర్లుగా విడగొట్టి అమ్ముతుంది. ఒక్కో రకానికి ఒక్కో ఇంగ్లిషు అక్షరం పెడుతుంది. చాలా ఎయిర్‌లైన్లలో 'వై' అంటే పూర్తి ధర పెట్టి కొన్న ఎకానమీ టికెట్. దాని కింద తక్కువ రేటువి వరుసగా ఉంటాయి. ఒక్కో అక్షరం కింద ఇన్ని సీట్లే అమ్మాలని లెక్క ఉంటుంది. అవి అయిపోగానే పై రేటు కనిపిస్తుంది. విమానం నిండే తీరును బట్టి ఆ లెక్కను కూడా మారుస్తూ ఉంటారు. అంతేగానీ నువ్వు పదిసార్లు వెతికావని నీ మీద కక్షగట్టి పెంచరు. ఫోన్లో హిస్టరీ చెరిపేస్తే తగ్గుతుందని, మంగళవారం అర్ధరాత్రి కొంటే చవకని ఎవరో చెప్పారన్నావు కదా, వాటి కోసం నిద్ర పాడుచేసుకోకు.

ఈ లెక్క తెలిస్తే ఒక లాభం ఉంది. ఇద్దరికి కలిపి వెతికినప్పుడు తక్కువ రేటులో ఒక్క సీటే మిగిలి ఉందనుకో, చాలా సైట్లు ఇద్దరికీ పై రేటే చూపిస్తాయి. అందుకని ముందు ఒక్కరికి వెతికి చూడు, తర్వాత ఇద్దరికి చూడు. ఒక్కరి రేటు బాగా తక్కువగా ఉంటే విడివిడిగా కొనడం లాభమే. కానీ అది నీకూ నాకూ సరిపోయే పద్ధతి. అమ్మానాన్నలను మాత్రం ఒకే పీఎన్ఆర్ మీద ఉంచు. ఫ్లైట్ రద్దయినప్పుడు సిస్టమ్ ఒక్కో పీఎన్ఆర్‌ను విడిగా వేరే ఫ్లైట్లకు సర్దుతుంది. అలా అమ్మ ఒక విమానంలో, నాన్న ఇంకో విమానంలో పడితే ఎంత కంగారో ఆలోచించు.

తేదీలు అటూ ఇటూ జరపగలిగితే మిగిలేదే అసలైన డబ్బు. గూగుల్ ఫ్లైట్స్ అనే సైట్లో నెల మొత్తం క్యాలెండర్ తెరిస్తే ఏ రోజు ఎంతో ఒక్కచూపులో తెలుస్తుంది. వెళ్లే రోజు, వచ్చే రోజు రెండూ మార్చి చూడు. ఇక్కడికి ఒక ఊళ్లో దిగి, తిరుగు ప్రయాణం ఇంకో ఊరి నుంచి పెట్టుకోవడం కూడా ఒకే టికెట్ మీద కుదురుతుంది. దాన్ని ఓపెన్ జా అంటారు. బుకింగ్ పేజీలో 'మల్టీ సిటీ' అని ఉంటుంది చూడు. రెండు వన్‌వే టికెట్లు కొనేకన్నా చాలాసార్లు ఇదే చవక.

వెతకడం ఎక్కడైనా వెతుకు, కొనడం మాత్రం ఎయిర్‌లైన్ సొంత సైట్లోనే కొను. ఈ మాట నా కౌంటర్ అనుభవంతో చెబుతున్నాను. మంచు కురిసి ఫ్లైట్లు ఆగిన రోజున లైన్లో వందమంది ఉంటారు. నేరుగా కొన్నవాళ్ల టికెట్‌ను నిమిషాల్లో మారుస్తాం. ఏజెంట్ సైట్లో కొన్నవాళ్లకు మార్పులు మా చేతుల్లో ఉండకపోవచ్చు, మీ ఏజెంటుకే ఫోన్ చేయండని చెప్పాల్సి వస్తుంది. వాళ్లు నా ఎదురుగానే నిలబడి ఆ హెల్ప్‌లైన్ మ్యూజిక్ వింటూ ఉంటారు. ఆ చవక ఎంతో కాదు, కొన్నిసార్లు ఒక పూట భోజనం డబ్బులంత.

అమెరికా వెళ్లే, అక్కడి నుంచి వచ్చే ఫ్లైట్లకు ఒక మంచి రూల్ ఉంది. ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా కొంటే, 24 గంటల లోపు రద్దు చేసుకుంటే పూర్తి డబ్బు వెనక్కి ఇవ్వాలి, లేదా డబ్బు కట్టకుండానే ఆ రేటును 24 గంటలు ఆపి ఉంచాలి. మంచి రేటు కనిపిస్తే ముందు పట్టేసుకుని తర్వాత ఇంట్లో వాళ్లను అడగడానికి ఇది బాగా పనికొస్తుంది. మిగతా చోట్ల ఒక్కో ఎయిర్‌లైన్‌ది ఒక్కో పద్ధతి. డబ్బు కట్టేముందు రద్దు షరతుల పేజీ తెరిచి చదవాల్సిందే.

చవక టికెట్ కనపడగానే చేయి చాపకు. 'బేసిక్', 'లైట్' అని పేరున్న ఫేర్లలో చాలాసార్లు పెద్ద బ్యాగు ఉండదు, సీటు ఎంచుకునే వీలుండదు, తేదీ మార్చుకోనివ్వరు. వాటిని విడిగా కలుపుకుంటూ పోతే పై ఫేరు కన్నా ఎక్కువ తేలుతుంది. చెక్‌ఇన్ బ్యాగుకు మామూలుగా ఎకానమీలో 23 కిలోలు, పొడవు వెడల్పు ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు. 32 కిలోలు దాటిన బ్యాగును మాత్రం డబ్బులిచ్చినా చాలాచోట్ల తీసుకోరు. దాన్ని ఎత్తే వాళ్ల నడుముల కోసం పెట్టిన హద్దు అది. అదనపు బ్యాగు కావాలంటే ముందే ఆన్‌లైన్లో కొనుక్కో. కౌంటర్ దగ్గర అదే బ్యాగుకు చాలా ఎక్కువ కట్టాలి.

పోయిన నెల ఒక పెద్దావిడ నా కౌంటర్ ముందు నేల మీద కూర్చుని సూట్‌కేస్ విప్పుకుంది. నాలుగు కిలోలు ఎక్కువ వచ్చింది. చీరలు, మనవడి బట్టలు, ఏవో డబ్బాలు అన్నీ బయటకు తీసి, ఏది వదలాలో తెలియక నా వైపు చూసింది. వెనక లైన్ పెరుగుతోంది. బరువున్న రెండు పుస్తకాలు, చెప్పుల జత చేతి సంచిలోకి మార్పించి ఎలాగో గట్టెక్కించాను. ఆ రోజంతా ఆమె చేతుల వణుకు నాకు గుర్తొస్తూనే ఉంది. ఇంట్లో ఒక చిన్న తూకం కొను. నాన్న పవర్ బ్యాంక్ మాత్రం పెద్ద బ్యాగులో పెట్టనీయకు, అది చేతి సామానులోనే ఉండాలి. దాని సామర్థ్యం 100 వాట్ అవర్స్ దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. నీకెప్పుడూ చెప్పలేదు. నేను వచ్చిన మొదటి ఏడాది, డబ్బు మిగులుతుందని దారి మధ్య వరకు ఒక ఎయిర్‌లైన్, అక్కడి నుంచి ఇంకొకటి, రెండు విడి టికెట్లు కొన్నాను. మధ్యలో మూడు గంటలు ఉంది కదా అనుకున్నాను. మొదటి ఫ్లైట్ రెండున్నర గంటలు ఆలస్యమైంది. దిగి, ఇమ్మిగ్రేషన్ దాటి, బ్యాగు తీసుకుని, మళ్లీ చెక్‌ఇన్ దాకా పరుగెత్తేసరికి కౌంటర్ మూసేశారు. రెండు టికెట్లకూ సంబంధం లేదు కాబట్టి మొదటివాళ్లకు బాధ్యత లేదు, రెండోవాళ్ల లెక్కలో నేను రాని ప్రయాణికురాలిని. ఆ రాత్రి ఎయిర్‌పోర్టు కుర్చీలో బ్యాగు మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. పొద్దున కొత్త టికెట్ కొన్నాను. మిగిల్చానని అనుకున్నదానికి మూడింతలు పోయింది. ఒకే టికెట్ మీద ఉంటే కనెక్షన్ తప్పినా తర్వాతి ఫ్లైట్లో ఎక్కించే బాధ్యత వాళ్లది. అమ్మానాన్నలకు ఒకే టికెట్, మధ్యలో కనీసం రెండున్నర గంటలు. ఎంత చవక వచ్చినా ఈ ఒక్కటి మాత్రం వదులుకోకు. దారిలో దిగే దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలేమో కూడా చూడు. అమెరికాలో దిగి మారాలంటే ఎయిర్‌పోర్టు దాటకపోయినా మనవాళ్లకు వీసా ఉండాల్సిందే.

నీ స్నేహితుడు చెప్పిన ఇంకో ఉపాయం, దూరపు ఊరికి టికెట్ కొని మధ్యలోనే దిగిపోవడం, అది వద్దు. పెద్ద బ్యాగు చివరి ఊరికే పోతుంది. ఒక్క భాగం వాడకపోయినా ఆ టికెట్ మీద మిగిలిన ప్రయాణమంతా రద్దు చేస్తారు, అంటే తిరుగు టికెట్ పోతుంది. ఎయిర్‌లైన్ షరతులకు అది విరుద్ధం కూడా.

ఇక అప్‌గ్రేడ్, అంటే ఎకానమీ టికెట్ మీద పై క్లాసులో సీటు ఇవ్వడం. దీని గురించి బయట తిరిగే మాటలు వింటే బాధేస్తుంది చిన్నా. మంచి బట్టలు వేసుకుంటే ఇస్తారు, హనీమూన్ అని చెబితే ఇస్తారు, నవ్వుతూ అడిగితే ఇస్తారు అంటారు. గేటు దగ్గర నిజంగా జరిగేది చెబుతాను. ఎయిర్‌లైన్లు కొంతమంది రారని లెక్కేసి ఉన్న సీట్ల కన్నా ఎక్కువ టికెట్లు అమ్ముతాయి. ఒక్కోసారి అందరూ వచ్చేస్తారు. అప్పుడు ఎకానమీలో సీట్లు చాలవు, ముందు బిజినెస్‌లో ఖాళీ ఉంటుంది. కొందరిని ముందుకు జరపాలి. ఎవరిని జరపాలో నా ఇష్టం కాదు. స్క్రీన్ మీద వరుస వచ్చేస్తుంది. ఆ ఎయిర్‌లైన్ మెంబర్‌షిప్‌లో పై మెట్టులో ఉన్నవాళ్లు ముందు, తర్వాత ఎక్కువ ఫేరు కట్టినవాళ్లు. మొన్న అలాగే ముగ్గురిని జరపాల్సి వచ్చింది. సూట్ వేసుకున్న ఒకాయన రెండుసార్లు వచ్చి అడిగి వెళ్లాడు. వరుసలో మొదటి పేరు మాత్రం మూలన కూర్చుని నిద్రపోతున్న ఒకమ్మాయిది, కాళ్లకు రబ్బరు చెప్పులు, ఒళ్లో ల్యాప్‌టాప్. నెలకు నాలుగుసార్లు అదే ఎయిర్‌లైన్లో తిరుగుతుంది. లేపి కొత్త బోర్డింగ్ పాస్ చేతికిస్తే నమ్మలేక రెండుసార్లు చూసుకుంది.

అందుకని అమ్మానాన్నల విషయంలో అదృష్టం మీద ఆశ పెట్టుకోవద్దు. తక్కువలో కొనుక్కునే దారులు ఉన్నాయి. టికెట్ కొన్న తర్వాత చాలా ఎయిర్‌లైన్లు అప్‌గ్రేడ్‌కు వేలం పెడతాయి, నువ్వు ఎంత ఇస్తావో రాసి పంపమని మెయిల్ వస్తుంది. రాసే ముందు మూడు చూసుకో: ఆ అంకె ఒక్కరికా ఇద్దరికా, ఒక్క ఫ్లైట్‌కా మొత్తానికా, వద్దనుకుంటే ఎప్పటివరకు వెనక్కి తీసుకోవచ్చు. మామూలుగా అంకె ఒక్కొక్కరికి, ఒక్కో ఫ్లైట్‌కు విడిగా ఉంటుంది. చిన్న ఫ్లైట్‌కు ఖర్చు పెట్టకు, రాత్రంతా సాగే పెద్ద ఫ్లైట్‌కే పెట్టు. చెక్‌ఇన్ తెరిచాక ఆప్‌లో నేరుగా ఒక రేటు కనిపిస్తే అదీ చూడు. ముందు క్యాబిన్ ఖాళీగా ఉంటే ఆఖరి రెండు రోజుల్లో ఒక్కోసారి బాగా దిగుతుంది. ఎకానమీకీ బిజినెస్‌కూ మధ్య ఉండే ప్రీమియం ఎకానమీని కూడా మర్చిపోవద్దు. నాన్న మోకాళ్లకు కావలసింది కాళ్లు చాపుకునే చోటు. అది అక్కడ దొరుకుతుంది.

ఇద్దరి పేరునా ఎయిర్‌లైన్ మెంబర్‌షిప్ ఈ వారమే తెరువు. ఉచితమే. ఎయిర్‌లైన్లకు మూడు పెద్ద కూటములు ఉన్నాయి: 1997లో మొదలైన స్టార్ అలయన్స్, 1999లో వన్‌వరల్డ్, 2000లో స్కైటీమ్. ఒక కూటమిలో ఏ ఎయిర్‌లైన్ ఎక్కినా మైళ్లు, అంటే ప్రయాణానికి వచ్చే పాయింట్లు, ఒకే ఖాతాలో వేసుకోవచ్చు. నాలుగు ఖాతాల్లో చల్లితే దేనికీ చాలవు. బాగా చవక ఫేర్లకు మైళ్లు తక్కువ వస్తాయి, కొన్నిటికి అసలు రావు. ఖాతాలో పేరు, టికెట్ మీద పేరు, పాస్‌పోర్టులో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. మైళ్లు పడేదాకా బోర్డింగ్ పాసులు పారేయొద్దని అమ్మకు చెప్పు.

నా స్టాఫ్ టికెట్ మీద రప్పించవచ్చు కదా అని నువ్వు మొహమాటపడి అడగలేదు, నాకు తెలుసు. ఆ టికెట్ స్టాండ్‌బై. డబ్బు కట్టినవాళ్లందరూ ఎక్కాక సీటు మిగిలితేనే ఎక్కాలి. నా తోటి ఉద్యోగి తల్లి రెండు రోజులు వరసగా గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లింది. అమ్మను అలా నిలబెట్టలేను.

వీల్‌చైర్ మాత్రం తప్పకుండా అడుగు, కనీసం 48 గంటల ముందు. నాన్న వద్దంటాడు, అయినా అడుగు. అమెరికా, యూరప్ చట్టాల ప్రకారం దానికి డబ్బు తీసుకోకూడదు. పెద్ద ఎయిర్‌పోర్టులో ఒక గేటు నుంచి ఇంకో గేటుకు ఎంత నడవాలో ఆయనకు తెలియదు. కొనే రోజే నడవ పక్క సీట్లు పెట్టు, చివరి వరుస వద్దు, అక్కడ చాలా విమానాల్లో సీటు వెనక్కి వాలదు.

దారిలో ఏదైనా జరిగితే హక్కులు కూడా తెలిసి ఉండాలి. యూరోపియన్ యూనియన్ దేశాల నుంచి బయల్దేరే ఏ ఫ్లైట్‌కైనా అక్కడి 261 నంబరు నిబంధన వర్తిస్తుంది. టికెట్ ఉన్నా సీటు లేదని ఆపేస్తే దూరాన్ని బట్టి 250, 400, 600 యూరోలు ఇవ్వాలి. బిజినెస్‌కు డబ్బు కట్టినవాళ్లను ఎకానమీలో కూర్చోబెడితే, 3500 కిలోమీటర్లు దాటిన ప్రయాణాల్లో ఆ టికెట్ ధరలో 75 శాతం వెనక్కి రావాలి. ఇది తెలియక మాట్లాడకుండా వెళ్లి వెనక కూర్చునేవాళ్లను చూస్తుంటాను. ఎవరైనా తమంతట తామే సీటు వదులుకుంటారా అని గేటు దగ్గర అడిగితే, అమ్మానాన్నలు చేయి ఎత్తకూడదు. నువ్వు ఒక్కడివే వచ్చినప్పుడు ఎత్తు. వోచర్ బదులు నగదు అడుగు, తర్వాతి ఫ్లైట్లో ఖాయమైన సీటు చేతికి వచ్చాకే ఒప్పుకో.

ఇద్దరి పాస్‌పోర్టుల మొదటి పేజీ ఫొటో తీసి పంపు. రేటు నచ్చాక డబ్బు కట్టేముందు ఆ షరతుల పేజీ కూడా పంపు, నేను చదివి చెబుతాను. ఈ వారమంతా నాకు పొద్దుటి డ్యూటీయే, మధ్యాహ్నం రెండింటి తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తుతాను. వాళ్లు దిగే రోజుకు సెలవు అడిగి పెట్టాను. అరైవల్స్ తలుపు దగ్గరే ఉంటానని అమ్మకు చెప్పు.

మీ అక్క