‘తాగుబోతు’ అని పిలవకండి

సంపాదకులకు నమస్కారం.

మా తమ్ముడు మందు మానేసి 14 నెలలైంది. మొన్న బంధువుల పెళ్లిలో చదివింపులు రాయడానికి వాడిని కూర్చోబెడదామంటే, ‘ఆ తాగుబోతు చేతికి డబ్బులా?’ అని అందరి ముందే అనేశారు. వాడు భోజనం కూడా చేయకుండా వచ్చేశాడు. ఆ రాత్రంతా మాకు టెన్షనే, మళ్లీ మొదలుపెడతాడేమోనని.

మద్యానికి బానిస కావడం జబ్బు. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే సమస్యలను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వ్యాధుల్లోనే చేర్చింది. అయినా 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసైనవారిలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆసుపత్రులు చాలకపోవడం ఒక కారణం. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందన్న భయం కూడా తక్కువది కాదు. ఆ భయంతోనే మేము రెండేళ్లు పోగొట్టాం. చివరికి గదిలో పెట్టి తాళం వేశాం. రెండో రోజుకి చేతులు వణికి, ఫిట్స్ వచ్చాయి. ఏళ్ల తరబడి తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకు రావచ్చని, డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలని మాకు అప్పుడు తెలిసింది.

తాగి భార్యాబిడ్డలను కొట్టేవాళ్లను నేను వెనకేసుకు రావడం లేదు. వాళ్ల మీద కేసు పెట్టాల్సిందే. కానీ పత్రికల్లో ‘తాగుబోతు వీరంగం’ లాంటి శీర్షికలు మానండి. అలాంటి వార్తల కింద మద్య విముక్తి హెల్ప్‌లైన్ 14446 నంబరు వేయండి. ఆ రెండేళ్లలో మాకు ఆ నంబరు ఎక్కడా కనబడలేదు.

– ఒక అక్క, జగిత్యాల జిల్లా