గోడ లేని నీళ్ళలో

చిన్నా,

ఇక్కడ అందరం బాగున్నాం. లష్కర్ బోనాలు అయిపోయాయి. రద్దీలో మీ నాన్నను పోనివ్వలేదు, రంగం టీవీలోనే చూశారు. పై గది మళ్ళీ కారుతోంది, వానలు తగ్గాక మేస్త్రీని పిలవాలి. నీ పాత సైకిలు తడవకుండా వరండాలోకి జరిపించాను. నువ్వు ఫోన్ చేసి చాలా రోజులైంది. "బిజీ అమ్మా, తర్వాత చేస్తా" అని మెసేజ్ మాత్రం వస్తోంది. ఆఫీసు పని ఎక్కువై ఉంటుందిలే. ఉత్తరమైతే తీరిక దొరికినప్పుడు చదువుకుంటావని రాస్తున్నా.

మొన్న సరళ చిన్నమ్మ ఇంట్లో వ్రతానికి వెళ్ళాం. బబ్లూ వడ్డిస్తూ వడ్డిస్తూ, "పెద్దమ్మా, అన్నను సముద్రంలోంచి కయాక్ పడవ మీద తీసుకొచ్చారట కదా, ఇప్పుడెట్లున్నడు?" అని అడిగాడు. చిన్నమ్మ వాణ్ణి గట్టిగా ఒక చూపు చూసింది. నేను "బాగున్నాడు" అని విస్తట్లోకి తల దించుకున్నా. మీ నాన్న అవతలి బంతిలో ఉన్నారు, వినలేదు. నేనూ చెప్పలేదు. బబ్లూని ఏమీ అనకు. వాడు ప్రేమతోనే అడిగాడు.

సరే, ఆ మాట అలా ఉంచు. నీకు ఈత నేర్పిన సారు ఇంకా కొలనుకి వస్తున్నారు. కూరగాయలకని వెళ్ళి, అటు కూడా వెళ్ళొచ్చాను. నువ్వు గోవా పోటీకి పేరిచ్చావని, 1.9 కిలోమీటర్లు సముద్రంలో ఈది, 90 సైకిలు తొక్కి, 21 పరుగెత్తాలని చెప్తే చాలా సంతోషించారు. "ఎక్కడ ప్రాక్టీసు చేస్తున్నాడమ్మా?" అని అడిగారు. చెన్నైలో మీ అపార్ట్‌మెంటు కొలను అన్నాను. ఎంత పొడవంటే 25 మీటర్లని గుర్తు. ఆయన అక్కడే లెక్క వేశారు: 1,900 మీటర్లంటే 76 పొడవులు, అంటే మధ్యలో 75 సార్లు గోడ అందుతుంది. అందినప్పుడల్లా కాళ్ళతో తన్ని నాలుగైదు మీటర్లు ఊరికే జారిపోతాం, చేతులకు ఆ కాస్సేపు విశ్రాంతి. సముద్రంలో ఆ గోడ ఉండదు. అందుకని వారంలో ఒక రోజైనా గోడ ముట్టకుండా, దానికి రెండు మీటర్ల ఇవతలే తిరిగి ఈదమన్నారు. సెలవుకి వచ్చినప్పుడు గచ్చిబౌలి స్టేడియంలో 50 మీటర్ల కొలను ఉంది కదా, అక్కడ ఈదు. గండిపేటలో స్నేహితులతో ఈదుదామన్నావు ఒకసారి, ఆ ఆలోచన మాత్రం వద్దు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన చెరువు, ఊరు తాగే నీళ్ళు. పైగా ఆపదొస్తే చూసే పడవా ఉండదు, మనిషీ ఉండడు.

ఇంకా చాలా చెప్పారు, కాగితం మీద రాసుకొచ్చా. తల ఎత్తితే నడుమూ కాళ్ళూ కిందికి దిగుతాయట, అప్పుడు నీళ్ళను చీల్చుకుపోవడం మానేసి తోసుకుంటూ పోవాల్సొస్తుంది. చూపు కొలను అడుగు మీదే ఉండాలి. ఊపిరి పీల్చడం గురించి అందరూ కంగారు పడతారు గానీ అసలు సంగతి వదలడంలో ఉందన్నారు. మొహం నీళ్ళలో ఉన్నంతసేపూ బుడగలు వదులుతూనే ఉండాలి. లోపల బిగబట్టుకుంటే ఛాతీ నిండిపోయి, గాలి అందడం లేదని భయం పుడుతుంది. మూడు చేతులకొకసారి, కుడివైపూ ఎడమవైపూ మార్చి పీల్చుకోమన్నారు, అలలు ఏ పక్కనుంచి వచ్చినా ఇబ్బంది ఉండదట. మోచెయ్యి పైకి ఉంచి, ముంజేయీ అరచెయ్యీ కలిపి నీటిని వెనక్కి నెట్టాలి. కాళ్ళు ఎక్కువ కొట్టకు, తర్వాత సైకిలూ పరుగూ వాటితోనే. ఆరేడు చేతులకొకసారి కళ్ళు మాత్రం నీటిపైకి తెచ్చి, దారి తెలియడానికి నీళ్ళ మీద తేలేలా పెట్టిన జెండా బుడ్డి ఎటుందో చూసుకోవాలి, లేకపోతే వంకరగా పోయి 1.9 కాస్తా రెండు దాటుతుంది. రోజూ ఒకే బిగిన ఈదొద్దట. వంద మీటర్లు ఈది పదిహేను సెకన్లు ఆగి, మళ్ళీ వంద, అలా పది సార్లు. చివరి వంద మొదటి వందంత హాయిగా రావాలి. వారానికి ఒకసారి చచ్చేంత ఈదడం కన్నా మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెం మేలట.

గోడ లేని నీళ్ళంటే పెద్దమామ గుర్తొచ్చాడు. మా ఊరి బావిలో పెద్దమామను మించినవాడు లేడు. మేమంతా వీపుకి బెండ్లు కట్టుకుని కాళ్ళాడిస్తుంటే, ఆయన గడ్డ మీంచి దూకి ఈ దరి నుంచి ఆ దరికి ఎన్నిసార్లు తిరిగేవాడో. దరి చేరినప్పుడల్లా రాయి పట్టుకుని ఒక్క క్షణం నిలబడేవాడు, అదెవరం గమనించలేదు. ఆ ఏడు వానలు బాగా పడి చెరువు మత్తడి దుంకింది. కట్ట మీద నుంచి అవతలి ఈత చెట్ల దాకా పోతానని స్నేహితులతో పందెం కట్టాడు. సగం దాకా బ్రహ్మాండంగా పోయాడట. అక్కడ ఆగి పట్టుకుందామంటే ఏమీ లేదు. తల నిటారుగా ఎత్తాడు, కాళ్ళు కిందికి పోయాయి, నోట్లోకి నీళ్ళు. చేతులు ఎంత కొడితే అంత మునుగుతున్నాడు. చేపల వల తీస్తున్న తాత ఒకాయన తెప్ప మీంచి కేకేశాడు: "ఎల్లెలుకల పడు! మొగులు చూడు!" మామ ఎట్లాగో తిరిగి వీపు మీద పడుకున్నాడు. చెవులు నీళ్ళలో, మొహం ఆకాశం కేసి. కాసేపటికి ఊపిరి దారికొచ్చింది. తెప్ప ఎక్కించుకుని ఒడ్డుకు తెచ్చారు. మర్నాటి నుంచి ఆ తాత తెప్ప పక్కనే, ఒడ్డు వెంబడి, రోజూ కొంచెం దూరం. దసరా లోపల ఈత చెట్లు ముట్టి వచ్చాడు.

అమ్మమ్మకు మాత్రం మామ చెప్పలేదు. నీళ్ళ బిందెలతో వచ్చిన వాళ్ళ నోట విన్నది. తిట్టలేదు, కొట్టలేదు. అన్నం పెట్టి, ఆయన తిన్నంతసేపూ ఎదురుగా కూచుని, "నాకెందుకు చెప్పలె బిడ్డా?" అంది. మామకు ఇప్పటికీ ఆ మాట చెప్తే గొంతు పూడుకుపోతుంది.

పోటీలో ఈతకు గంటా పది నిమిషాలిస్తారని సారు చెప్పారు. లెక్క వేస్తే వందకు మూడు నిమిషాల నలభై సెకన్లు పట్టినా అందుకుంటావు. మొదట్లో అందరూ ఒకరి మీదొకరు పడి ఉరుకుతారు, నువ్వు అంచున ఉండు. ఊపిరి ఎగిరితే వెల్లకిలా తిరుగు, చెయ్యెత్తు. కయాక్ పట్టుకుని ఆగినా పోటీలోంచి తీసెయ్యరు, దాంతో ముందుకు పోకుండా ఉంటే చాలు. ఈతగత్తె ఆరతీ సాహా 1959 ఆగస్టులో ఇంగ్లిష్ ఛానెల్ మధ్యలో ఆగిపోవాల్సొచ్చింది, సెప్టెంబరు 29న దాటేసింది. బడిలో పిల్లలకు ఆ రెండు నెలలూ కలిపే చెప్పేదాన్ని.

ఒక్క విషయంలో మాత్రం నా మాట విను. ఇలాంటి పోటీల్లో ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా ఈతలోనేనని చదివాను. మీ నాన్నకు స్టెంట్ ఏ వయసులో పడిందో నీకు తెలుసు. ఆ రోజు నీకు వచ్చింది భయమేనా, ఛాతీ పట్టేసిందా? దగ్గులో నురగ పడిందా? ఇవి డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పి ఈసీజీ, ఎకో తీయించుకో, ఆ తర్వాతే సముద్రం. ఒంటరిగా మాత్రం దిగకు. మెడకు వాసలీను రాసుకో, ఉప్పు నీళ్ళకు ఒరుసుకుపోతుంది. పొద్దున ఖాళీ కడుపుతో పోకు. పల్లీ పట్టీలు, సకినాలు కట్టి పెట్టాను, బబ్లూ వచ్చే వారం చెన్నై వస్తున్నాడు, వాడితో పంపుతా. ఆ పొడి కలిపిన పాలు అన్నానికి బదులు తాగొద్దు.

రిపోర్టులు ఫొటో తీసి నాకు పంపు, మీ నాన్నకు నేను చెప్తాను. ఆదివారం పదింటికి నేనే ఫోన్ చేస్తా. ఎత్తు.

అమ్మ