విద్యుత్ కారు బ్యాటరీకి తొలిరోజే సగం తరుగుదలా? ఐఆర్‌డీఏఐ ఛైర్మన్‌కు బహిరంగ లేఖ

భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ఛైర్మన్ గారికి,

నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు నడుపుకుంటున్నవాణ్ని. మీ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి వచ్చి అర్జీ ఇచ్చి పోవచ్చు. కానీ ఇది నా ఒక్కడి గోడు కాదు. అప్పు చేసి విద్యుత్ కారు కొన్న ప్రతి కుటుంబానికీ తగిలే సంగతి. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్‌లో, అంటే వాహన బీమా రేట్లు, నిబంధనల పుస్తకంలో, ఒక తరుగుదల పట్టిక ఉంది. ప్రమాదంలో దెబ్బతిన్న రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలు, టైర్లు, ట్యూబులు, బ్యాటరీలు, ఎయిర్‌బ్యాగులు మార్చాల్సి వస్తే బీమా కంపెనీ వాటి ధరలో 50 శాతం కోసుకుని మిగతాది ఇస్తుంది. 2007లో ప్రీమియం రేట్ల మీద నియంత్రణ ఎత్తేశారు గానీ పాలసీ పత్రాల్లో ఈ వాక్యం మాత్రం చెక్కుచెదరలేదు. ఆ రోజుల్లో కారు బ్యాటరీ అంటే బానెట్ కింద ఉండే 12 వోల్టుల సీసం బ్యాటరీ. కొన్నేళ్లకు ఎలాగూ మార్చేదే. సగం కోసినా యజమానికి కొన్ని వేల రూపాయలే నష్టం. ఇప్పుడు అదే వాక్యం కిందికి లక్షల రూపాయల లిథియం బ్యాటరీ వచ్చి పడింది.

అదే పట్టికలో ఇనుప తలుపు సంగతి చూడండి. బండికి ఆరు నెలలు నిండేదాకా తరుగుదలే లేదు. ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ల లోపు 10 శాతం. తలుపుకు 50 శాతం కోత పడేది బండి పదేళ్లు దాటాకే. బ్యాటరీకి మాత్రం షోరూమ్ గేటు దాటిన రోజే అంత కోత! ఆ బ్యాటరీకే తయారీదారులు ఎనిమిదేళ్ల వారంటీ ఇస్తున్నారు. ఎనిమిదేళ్లు పనిచేస్తుందని తయారుచేసినవాళ్లు హామీ ఇస్తుంటే, మొదటిరోజే సగం అరిగిపోయిందని బీమా పత్రం అనడం ఏ లెక్క?

ఉదాహరణకు కారు బీమా విలువ 10 లక్షలు, బ్యాటరీ 5 లక్షలు అనుకుందాం. బ్యాటరీ మార్చాలంటే రెండున్నర లక్షలు యజమాని చేతి నుంచి పడాలి. దానికి బాడీ పని కూడా కలిసి మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే కారును మొత్తం నష్టం కింద రాసేస్తారు. తలుపులు, సీట్లు, మోటారు అన్నీ చక్కగా ఉన్న బండి తుక్కయిపోతుంది.

ఆమధ్య నా షెడ్డుకు ఒక కారు వచ్చింది. గుంతలో దిగి లేచేటప్పుడు అడుగుభాగం కాంక్రీటు దిమ్మెకు ఒరుసుకుంది. లిఫ్టు మీద ఎత్తి చూస్తే బ్యాటరీ పెట్టె అడుగున జానెడు పొడవు గీత, ఒకచోట వేలి కణుపంత నొక్కు. కారు మామూలుగానే నడుస్తోంది. డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపమేదీ లేదు. కానీ లోపల సెల్‌కు దెబ్బ తగిలిందో లేదో బయటి నుంచి చెప్పలేం. నలిగిన లిథియం సెల్ అప్పటికప్పుడు అంటుకోకపోయినా గంటల తర్వాతో రోజుల తర్వాతో వేడెక్కి మంట రేగే ప్రమాదం ఉంది. ఆ పెట్టెలో 300 వోల్టుల పైన కరెంటు ఉంటుంది. వెయ్యి వోల్టులు తట్టుకునే రబ్బరు గ్లౌజులు, ఇన్సులేషన్ కొలిచే మీటరు, తగిన శిక్షణ లేకుండా మా పిల్లలను దాని మీద చెయ్యి వేయనివ్వను. కంపెనీ సర్వీస్ సెంటరుకు పంపితే మాడ్యూల్ (కొన్ని సెల్‌లు కలిపిన భాగం) విడిగా ఇవ్వరట, బ్యాటరీ ప్యాక్ మొత్తం మార్చాలన్నారు. తన వాటా ఎంతో విన్నాక ఆ యజమాని కారు తీసుకుని వెళ్లిపోయారు. ఆ నొక్కుతోనే ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని తిరుగుతున్నారు.

అయ్యా, నా బాధంతా ఇక్కడే. డబ్బుల కోత చివరికి ప్రాణాల మీదికి వస్తోంది. సగం భరించలేనివాడు దెబ్బతిన్న బ్యాటరీతో రోడ్డెక్కుతాడు, లేదంటే మూత విప్పి అతుకు వేసే చోటు వెతుక్కుంటాడు.

అదనపు ప్రీమియం కడితే తరుగుదల కోత లేకుండా చేసే జీరో డిప్రిసియేషన్ తీసుకోవచ్చు కదా అంటారు. అది ఈ పెద్ద బ్యాటరీకి వర్తిస్తుందా లేదా అన్నది పాలసీ పాలసీకీ మారుతోంది. క్లెయిమ్ పెట్టేదాకా కొన్నవాళ్లకు తెలియడం లేదు. విద్యుత్ కార్లకు థర్డ్ పార్టీ ప్రీమియంలో 15 శాతం తగ్గింపు ఇచ్చారు, సంతోషం. కానీ ఆ తగ్గింపు వందల్లోనో వెయ్యి పైచిలుకో రూపాయలు, ఈ కోత లక్షలు.

బండిని నడిపించే బ్యాటరీని ఆ 50 శాతం జాబితా నుంచి తీసేయండి. తరుగుదలను దాని వయసును బట్టి, మిగిలి ఉన్న సామర్థ్యాన్ని బట్టి లెక్కకట్టించండి. అడుగుభాగానికి దెబ్బ తగిలిన ప్రతి కారుకూ శిక్షణ ఉన్న మనిషి చేత బ్యాటరీ పరీక్ష చేయించి, ఆ ఖర్చును క్లెయిమ్‌లోనే కలపాలని ఆదేశించండి. బీమా సర్వేయరు ఫొటోలు చూసి తేల్చే పని కాదిది.

మాడ్యూళ్లు విడిగా అమ్మించడం, మరమ్మతు పత్రాలు బయటి షెడ్లకు ఇప్పించడం మీ ఒక్కరి చేతిలో లేదు. మరమ్మతు హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లోనే కమిటీ వేసింది. మీరు కూడా ఒక మాట అంటే బరువు వేరు. పెయింట్ ఆరడానికి బూత్‌లో 60 డిగ్రీల పైన వేడి పెడతాం. బ్యాటరీ ఉన్న కారుకు ఎంత వేడి, ఎంతసేపు పెట్టవచ్చో ఆ పత్రాలు అందితేనే మాకు తెలుస్తుంది.

మొత్తం నష్టం కింద రాసిన కార్ల సంగతి కూడా చూడండి. వేలంలో ఎక్కువ పాట పాడినవాడికి బ్యాటరీతో సహా వెళ్లిపోతున్నాయి. 2022 సెప్టెంబరులో మీ పొరుగునే సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూమ్‌లో రేగిన మంటలకు పైనున్న లాడ్జిలో ఎనిమిది మంది చనిపోయారు. అది ఢీకొన్న బండ్ల వ్యవహారం కాకపోయినా, ఇలాంటి బ్యాటరీలు జనం మధ్యకు చేరితే ఏమవుతుందో చూపించింది. బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు 2022 నుంచే ఉన్నాయి. దెబ్బతిన్న బ్యాటరీ అధీకృత రీసైక్లర్‌కు చేరినట్టు రసీదు చూపిస్తేనే ఆ బండి అమ్మకానికి అనుమతించండి.

పట్టిక సవరణకు ముసాయిదా విడుదల చేసి అభిప్రాయాలు అడగండి. యజమానులు ఒప్పుకున్నంతవరకు నా దగ్గరున్న ఎస్టిమేట్లు, అడుగుభాగాల ఫొటోలు అన్నీ పంపుతాను.

ఇట్లు,
ఒక డెంటింగ్ షెడ్డు యజమాని,
ఆటోనగర్, విజయవాడ