గది వేడి చూసి రేడియేటర్ కొనండి

అయ్యా,

చంద్రపూర్, బల్లార్షా వైపు మన కుర్రాళ్లు వీడియో ఎడిటింగ్‌కో ఆటలకో పెద్ద గ్రాఫిక్స్ కార్డులు కొని, వాటర్ కూలింగ్ సొంతంగా బిగించుకుంటున్నారు. సంతోషమే. కానీ చల్లటి ఊళ్ల లెక్కతో సామాను కొంటే ఇక్కడి మే నెలకు తట్టుకోదు.

లూపులో, అంటే పంపు తిప్పే నీటి చుట్టులో, నీళ్లు గది గాలి కంటే చల్లబడవు. నీళ్ల వేడిని ఫ్యాన్ గాలికి వదిలే రేడియేటర్ పెద్దదైన కొద్దీ గదికీ నీళ్లకూ మధ్య తేడా తగ్గుతుంది, అంతే. ఫ్యాన్లు మోస్తరు వేగంతో తిరిగితే, 10 డిగ్రీల తేడా మీద ఒక్కో 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ జాగాకు సుమారు 100 వాట్ల వేడి పోతుంది. ప్రాసెసర్ 150, కార్డు 300, మొత్తం 450 వాట్లు. రెండు ఫ్యాన్ల 240 రేడియేటర్ ఒక్కటే పెడితే తేడా 22 డిగ్రీలు దాటుతుంది. బయట 45 ఉన్న రోజున రేకుల కప్పు కింద గది 40 ఉన్నా నీళ్లు 62కు చేరతాయి. చాలామంది వాడే డీ5 రకం పంపుకు నీళ్ల వేడి హద్దు 60 డిగ్రీలు. ఆ వేడికి పీఈటీజీ అనే గట్టి ప్లాస్టిక్ గొట్టం మెత్తబడి ఫిట్టింగు దగ్గర కారే ప్రమాదమూ ఉంది. అదే మూడు ఫ్యాన్ల 360కి తోడు ఇంకో 240 పెడితే నీళ్లు 50 దగ్గర ఆగుతాయి. గొట్టం నల్లటి ఈపీడీఎం రబ్బరుది తీసుకోండి. అందం తక్కువైనా వేడికి నిలుస్తుంది.

ఎండాకాలం కూలర్ వేస్తే గది చల్లబడి నీళ్లూ చల్లబడతాయి. ఆ తడిగాలి మాత్రం నేరుగా కేబినెట్‌కు తగలనివ్వద్దు. బొగ్గు దుమ్ము ఉన్న ఊళ్లు కాబట్టి రెక్కలు మరీ ఒత్తుగా ఉన్న రేడియేటర్ వద్దు, ముందు జాలీ తప్పనిసరి.

ప్రాసెసర్, కార్డు మీద బిగించి వేడిని నీళ్లకు ఇచ్చే రాగి బ్లాకుకు అల్యూమినియం రేడియేటర్ కలపకూడదు. అల్యూమినియం తినుకుపోయి, ఆ మడ్డి బ్లాకులోని సన్నటి గాళ్లలో ఇరుక్కుంటుంది. బోరు నీళ్లు అసలే వద్దు. తుప్పుకూ నాచుకూ మందు కలిసిన కూలెంట్ చాలా లూపులకు లీటరు సరిపోతుంది, ఏడాదికోసారి మార్చాలి.

ట్యాంకు పంపుకంటే పైన ఉండాలి, నీళ్లు లేకుండా తిరిగితే పంపు బేరింగ్ పోతుంది. నింపాక బోర్డుకూ కార్డుకూ కరెంటు తీసేసి, బోర్డు లేకుండానే పవర్ సప్లైని ఆన్ చేసే జంపర్ ప్లగ్గు దానికి పెట్టి, పంపు ఒక్కటే రోజంతా నడపండి. ప్రతి ఫిట్టింగు కింద టిష్యూ కాగితం పరవండి. చెమ్మ కనబడితే గట్టిగా బిగించేయకండి, విప్పి లోపలి రబ్బరు ఓ-రింగ్ మెలిపడిందేమో చూడండి.

ఈ సామాను అమ్మే దుకాణాల వారికి ఒక విన్నపం: బిల్లు రాసే ముందు కొనేవారి గది మధ్యాహ్నం ఎంత వేడెక్కుతుందో అడగండి.

— ఒక కంప్యూటర్ మెకానిక్, బల్లార్షా