మంత్రిగారూ, మా రేడియోలో మా వార్తలు చెప్పుకోనివ్వండి

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రిగారికి నమస్కారం.

నేను బెంగళూరులో, మారతహళ్లి దగ్గర ఉంటాను. అమ్మ వాళ్లది కోలారు జిల్లా, బంగారుపేట పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు. శని, ఆదివారాలు ఒక చిన్న కమ్యూనిటీ రేడియోలో, అంటే చుట్టుపక్కల జనం కోసమే నడిచే స్టేషన్లో, వాలంటీరుగా పని చేస్తాను. పనంటే పెద్దదేం కాదు, మైకులు సరిచూడటం, ఫోన్లు ఎత్తడం, మాట్లాడేవాళ్లు ఆలస్యంగా వస్తే పాట వేయడం. ఈ ఉత్తరం ఆ ఫోన్ల గురించే, మాలాంటి రేడియోలు సొంత వార్తలు చెప్పకూడదన్న నిబంధన గురించే గానీ ముందు ఒక సినిమా సంగతి చెప్పాలి.

మొన్నామధ్య మా అపార్ట్‌మెంట్ క్లబ్ హాల్లో 'ది అగ్రానమిస్ట్' అనే డాక్యుమెంటరీ వేశాం. జొనాథన్ డెమ్మీ తీసింది, 2003 నాటిది. పద్నాలుగు మంది వచ్చారు, సమోసాలు అయ్యాక ముగ్గురు వెళ్లిపోయారు. హైతీ ఎక్కడుందో మాలో సగం మందికి తెలియదు. కరీబియన్ సముద్రంలో ఉన్న ఆ హైతీలో జాన్ డొమినిక్ అనే ఆయన రేడియో నడిపాడు. చదివింది వ్యవసాయ శాస్త్రం. మొదట్లో రైతుల భూమి హక్కుల కోసం పని చేస్తే ఆరు నెలలు జైల్లో పెట్టారు. 1970ల మొదట్లో ఒక రేడియో స్టేషన్ చేతికి తీసుకుని, దానికి రేడియో హైతీ ఇంటర్ అని పేరు పెట్టి, అక్కడ ఎవరూ చేయని పనొకటి చేశాడు. వార్తలు క్రియోల్‌లో చెప్పాడు.

ఇందులో వింతేముంది అనిపించవచ్చు. ఆ దేశంలో అప్పట్లో కచేరీ భాష, బడి భాష, పెద్దింటి భాష అన్నీ ఫ్రెంచి. జనం నోట్లో ఉన్నది క్రియోల్. పొలంలో ఉన్న మనిషికి తన మాటలోనే రాజధానిలో ఏం జరుగుతోందో తెలిసిపోతుంటే అక్కడి నియంతలు, డువాలియర్ తండ్రీకొడుకుల పాలనకి నిద్ర పడుతుందా? 1979లో నికరాగువాలో సొమోజా నియంతృత్వం కూలిపోతే ఆ కబురంతా పూస గుచ్చినట్టు చెప్పాడట. వేరే దేశం కబురే కదా, వినేవాడికి మాత్రం అది తన ఇంటి కబురులాగే వినపడుతుంది. 1980 నవంబరులో స్టేషన్ మీద పడి మూయించారు, పనిచేసేవాళ్లని అరెస్టు చేశారు. ఆయనా, ఆయన భార్య మిషెల్ మాంటాస్, ఆవిడా జర్నలిస్టే, న్యూయార్క్‌లో తలదాచుకున్నారు. 1986లో డువాలియర్ పారిపోయాక తిరిగి వస్తే విమానాశ్రయానికి 60,000 మంది వచ్చారని చెబుతారు. ఒక రేడియో మనిషి కోసం! 1991లో సైన్యం తిరగబడితే మళ్లీ ప్రవాసం, 1994లో మళ్లీ తిరిగి రావడం. చివరికి 2000 ఏప్రిల్ 3న పొద్దున్నే స్టేషన్ ఆవరణలోనే కాల్చి చంపారు. అక్కడ పనిచేసే ఇంకొకాయన్ని కూడా.

సినిమాలో ఆయన పైపు పట్టుకుని, చేతులు తిప్పుతూ, కనుబొమలెగరేస్తూ మాట్లాడుతుంటే మా మామయ్య రచ్చబండ మీద కూచుని మాట్లాడినట్టే ఉంటుంది. ఆయన్ని దేవుణ్ని చేయాలని కాదు, రాజకీయాల్లో ఉన్న మనిషి, ఒకప్పుడు తాను వెనకేసుకొచ్చిన పక్షం మీదే తర్వాత ప్రశ్నలు వేసిన మనిషి. ఆయన అస్థికలను ఆర్టిబొనిట్ నదిలో కలిపారు, ఒడ్డున రైతులు నిలబడ్డారు. నాకు అక్కడ గొంతు పట్టేసింది, లైట్లు వేయొద్దని చెప్పి కాసేపు అలాగే కూచున్నాను.

ఇప్పుడు మా సంగతి.

మా స్టేషన్ ప్రసార సత్తా మీ నిబంధనల ప్రకారమే 100 వాట్లు. మహా అయితే పది కిలోమీటర్లు వినపడుతుంది. అందులో ఆవకాయ గురించి చెప్పొచ్చు, చక్కెర వ్యాధి గురించి చెప్పొచ్చు. గురువారం నీళ్లు రావు అని అధికారులు చెబితే అది చెప్పొచ్చు. ఎందుకు రావు అని అడిగి, దొరికిన జవాబు చెబితే మాత్రం అది వార్త అయిపోతుంది. ఆకాశవాణి చదివిన వార్తల్ని ఒక్క ముక్క మార్చకుండా వేసుకోవచ్చు, మా వార్తలు మేం చెప్పకూడదు. 2024 వేసవి ముందు ఊరంతా ట్యాంకర్ల కోసం కొట్టుకుంటుంటే ఒకావిడ ఫోన్ చేసింది. మదనపల్లె నుంచి వచ్చి ఇళ్లల్లో పని చేసుకుంటోంది. మా వీధికి ట్యాంకరు వచ్చి ఆరు రోజులైంది సార్, పక్క లేఔట్‌కి మాత్రం రోజూ వస్తోంది, ఇది రేడియోలో చెప్పండి అంది. చెప్పలేకపోయాం. లైసెన్సు పోతుందని టెన్షన్. నీటి పొదుపు మీద రికార్డు చేసిపెట్టిన కార్యక్రమం వేశాం. ఆరు రోజులుగా నీళ్లే లేని మనిషికి నీళ్లు పొదుపు చేయమని చెప్పాం, మంత్రిగారూ.

బెళ్లందూరు చెరువు నురగ కక్కి, మంటలు అంటుకుంటే టీవీలన్నీ చూపించాయి. ఆ చెరువు గట్టున ఉన్న రేడియోకి నోరు లేదు.

మీ వాళ్లు చెప్పే కారణం నాకు తెలుసు. భద్రత, పుకార్లు, ఎవడేం మాట్లాడతాడో ఎవరు చూస్తారు అని. ఆ భయం ఉత్తిది అనను. 1994లో రువాండాలో ఒక రేడియో మనుషుల్ని చంపమని ఉసిగొల్పింది. కానీ మేం ప్రసారం చేసిన ప్రతి కార్యక్రమాన్నీ మూడు నెలలు దాచిపెట్టాలని నిబంధన ఇప్పటికే ఉంది. మా పేర్లు, అడ్రసు, యాంటెన్నా ఎత్తుతో సహా మీ దగ్గర ఉన్నాయి. వాట్సాప్‌లో పుకారు పుట్టించేవాడి సంగతి మీ దగ్గర ఇంత వివరంగా ఉందా? రాత్రి తొమ్మిదింటికి టీవీలో అరిచేవాళ్లకి లేని ఆంక్ష మాకెందుకు?

రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా 2003లో మా కోలారు జిల్లా బూదికోటలో పల్లెవాళ్లు నమ్మ ధ్వని అనే రేడియో పెట్టుకున్నప్పుడు గాల్లోకి వదిలే అనుమతి లేక కేబుల్ వైరు లాగి ఇంటింటికీ వినిపించారు. రేడియోకి వైరు! అసలు ఆకాశవాణి అన్న పేరు మైసూరులో 1935లో గోపాలస్వామి గారు సొంతంగా నడిపిన స్టేషన్‌ది. తర్వాత ప్రభుత్వ రేడియోకీ అదే పేరైంది. పేరు తీసుకున్నారు, సంతోషం, ఆ చొరవ కూడా కాస్త తీసుకుంటే బాగుండేది.

ప్రైవేటు ఎఫ్ఎంలకి గంటకి పది నిమిషాలు వార్తలు చెప్పుకోనివ్వమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 సెప్టెంబరులో సిఫారసు చేసింది. దాన్ని ఒప్పుకోండి, మాలాంటి చిన్నవాళ్లకీ వర్తింపజేయండి. తప్పు చెబితే జరిమానా వేయండి, రికార్డింగు తెప్పించుకుని వినండి. వీలైతే ఆ సినిమా కూడా ఒకసారి చూడండి, గంటన్నరే.

మా స్టేషన్‌లో సాయంత్రం ఆరున్నర నుంచి ఆరూ నలభై దాకా ఖాళీ ఉంది. ప్రస్తుతానికి పాటలు వేస్తున్నాం.

ఇట్లు,
మారతహళ్లి నుంచి ఒక రేడియో వాలంటీరు